స్ట్రీమింగ్ కోసం విడిగా మ్యూజిక్ ప్లేయర్: వాడుతున్నవాళ్లు చెప్పండి

నెల్లూరు_వైర్డ్
అందరికీ నమస్తే. ఫోన్లో పాట పెడితే మధ్యలో ఆఫీసు కాల్స్, వాట్సాప్ మోత, పైగా జాక్ కూడా లేదు. పాటలకి విడిగా ఒక ఆండ్రాయిడ్ ప్లేయర్ తీసుకుందామనుకుంటున్నా. నా దగ్గర ఫైళ్లు పెద్దగా లేవు, అంతా స్ట్రీమింగే, ఆపిల్ మ్యూజిక్ సబ్‌స్క్రిప్షన్ ఉంది. రోజూ బస్సులో చాలాసేపు గడుస్తుంది. ఫోన్ కంటే నిజంగా తేడా ఉంటుందా, కొనేముందు ఏం చూడాలి? షాపువాళ్లని అడిగితే డాక్ (డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్‌కి వెళ్లే సిగ్నల్‌గా మార్చేది) చిప్ పేరు తప్ప ఇంకోటి చెప్పట్లేదు.

హన్మకొండ_ఆడియో
తమ్ముడూ, చిప్ సంగతి తర్వాత. స్ట్రీమింగ్ కోసమే అయితే ముందు ఆండ్రాయిడ్ వెర్షన్, ర్యామ్ చూడు. ఈ ప్లేయర్లకి ఫోన్లకి వచ్చినట్టు ఏటా కొత్త ఆండ్రాయిడ్ రాదు, కొన్న రోజు ఏది ఉందో దాదాపు చివరిదాకా అదే. యాప్‌లేమో పాత వెర్షన్లని ఒక్కొక్కటిగా వదిలేస్తూ పోతాయి. నా పాత ప్లేయర్ (కంపెనీ పేరు వద్దులే) సౌండ్ ఇప్పటికీ అద్భుతం, కానీ ర్యామ్ చాలక యాప్‌లో వెతుకుతుంటేనే మూసుకుపోతుంది, ఆల్బమ్ బొమ్మలు లోడయ్యేసరికి ఓపిక పోతుంది. ఫియో ఎం11ఎస్‌లో ఆండ్రాయిడ్ 10, సోనీ ఎన్‌డబ్ల్యూ-ఏ306 వచ్చింది 12తో, ఫియో జేఎం21లో 13. రేటు పక్కన పెట్టి ముందు ఈ వరస చూసుకో.

ఫోన్‌తో తేడా ఎక్కడంటే, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ అన్ని శబ్దాలనీ ఒకచోట కలిపి చాలావరకు 48 కిలోహెర్ట్జ్‌కి (సెకనుకి 48 వేల నమూనాలు) మార్చి బయటికి పంపుతుంది. సీడీ నుంచి వచ్చిన పాట 44.1, అంటే దారిలో దాన్ని మళ్లీ లెక్కగట్టి మారుస్తున్నట్టే. మంచి ప్లేయర్ల తయారీదార్లు సిస్టమ్ లోపలే ఈ మార్పిడిని దాటవేసే ఏర్పాటు చేస్తారు, అందువల్ల ఏ యాప్ పెట్టినా పాట ఉన్నది ఉన్నట్టు డాక్‌కి చేరుతుంది. మనం డబ్బు పెట్టేది దీనికే.

బెజవాడ_బేస్
అన్నా, ఫోన్‌కి డాంగుల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న డాక్) పెట్టుకుని యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో యాప్ వాడితే సరిపోదా?

హన్మకొండ_ఆడియో
సరిపోతుంది, కానీ ఆ యాప్ లోపల టైడల్, కోబజ్ అనే స్ట్రీమింగ్ సర్వీసులు పాడతాయి గానీ ఆపిల్ మ్యూజిక్, స్పాటిఫై పాడవు. ఆ మొదటి రెండూ ఇండియాలో లేవు. ఆండ్రాయిడ్ 14లో యూఎస్‌బీకి నేరుగా పంపే దారి ఇచ్చారు, అయితే పాట పాడే యాప్ దాన్ని అడిగి వాడుకోవాలి.

ఫ్రిస్కో_తెలుగు
మాకు ఇక్కడ అమెరికాలో ఆ రెండూ ఉన్నాయి, రెండూ వాడాను. టైడల్ 2024 జులైలో ఎంక్యూఏ (ఒక కంపెనీ సొంత ఆడియో ఫార్మాట్) తీసేసి ఫ్లాక్‌కి (అందరూ వాడుకోగలిగే లాస్‌లెస్ ఫార్మాట్) వచ్చేసింది, దాంతో పెద్ద తలనొప్పి పోయింది. ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట: హైబై ఆర్3 లాంటి చిన్న ప్లేయర్లు ఆండ్రాయిడ్ కావు, వాటిలో ఆపిల్ మ్యూజిక్ ఇన్‌స్టాల్ అవ్వదు. డబ్బా మీద ‘స్ట్రీమింగ్’ అని కనిపించినా అది టైడల్ లాంటి ఒకటి రెండు సర్వీసులకే. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిస్తామన్నా అది చూడకుండా ఊ అనకండి.

రాజమండ్రి_రాగం
నేను కర్ణాటక సంగీతం, పాత సినిమా పాటలు ఎక్కువ వింటాను. 24/192 (24 బిట్, 192 కిలోహెర్ట్జ్) అన్న అంకె చూసి మురిసిపోవద్దు. ఒకే ఘంటసాల పాట మూడు నాలుగు సంకలనాల్లో దొరుకుతుంది, ఒకదాంట్లో టేపు హోరు తీసేద్దామని వయొలిన్ల సన్నని నాదం కూడా తీసేశారు, ఇంకోదాంట్లో లేని ఎకో కలిపారు, మరోదాంట్లో హోరు ఉన్నా గొంతు నిండుగా ఎదురుగా ఉంటుంది. మూడింటి మీదా లాస్‌లెస్ (నాణ్యత ఏమీ పోకుండా కుదించినది) ముద్రే! నేనైతే కూర్చుని పోల్చుకుని నచ్చినవి ప్లేలిస్టులో పెట్టుకున్నాను. మంచి రికార్డింగ్ దొరికితే మాత్రం ఈ ప్లేయర్ల విలువ తెలుస్తుంది. మృదంగంలో వలంతల (కుడివైపు) మీద పడిన దెబ్బ చివర సన్నగా మోగి ఆగేదాకా, వెనక తంబురా తెగకుండా వినిపిస్తుంటే అదే కచేరీని ఇంకోసారి మొదటినుంచి పెట్టుకుంటాను.

సెట్టింగుల్లో మూడు చూసుకోండి. ఆపిల్ మ్యూజిక్‌లో లాస్‌లెస్ మనమే ఆన్ చేయాలి. డాల్బీ అట్మాస్ (చుట్టూ శబ్దం వస్తున్నట్టు చేసే మిక్స్) ఆపేయండి, లేకపోతే స్టీరియో బదులు అదొచ్చి గొంతు వెనక్కి పోయినట్టుంటుంది. మామూలు ఇయర్‌ఫోన్‌కి గెయిన్ (ఆంప్ శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగ్) తక్కువలో పెట్టండి, ఎక్కువలో పెడితే నిశ్శబ్దంలో బుస్సుమంటుంది.

కాకినాడ_97
డేటా గురించి ఎవరూ చెప్పలేదు! మూడు నిమిషాల పాటకి ఆపిల్ ఇచ్చిన లెక్క: మామూలు 256 కేబీపీఎస్‌లో 6 ఎంబీ, 24/48 లాస్‌లెస్‌లో 36 ఎంబీ, 24/192లో 145 ఎంబీ. ఈ ప్లేయర్లలో సిమ్ ఉండదు కాబట్టి బస్సులో ఫోన్ హాట్‌స్పాటే గతి. రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్నవాళ్లకి పై క్వాలిటీలో పది పాటలకే డేటా అయిపోయినట్టు. ఇంట్లో వైఫై మీద రాత్రే డౌన్‌లోడ్ చేసుకోవడం ఒక్కటే మార్గం. యాప్‌లో డౌన్‌లోడ్ చోటుని మెమరీ కార్డుకి మార్చండి, ప్లేయర్ లోపలి 32 జీబీలో సిస్టమ్ పోగా మిగిలేది త్వరగా నిండిపోతుంది. వైఫై ఆపేస్తే బ్యాటరీ కూడా బాగా వస్తుంది.

బెజవాడ_బేస్
స్పాటిఫై కూడా 2025లో లాస్‌లెస్ తెచ్చింది కదా, 24/44.1 దాకా. చెవికి అది చాలు అనిపిస్తుంది నాకు. కానీ బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వినేవాళ్లు ఈ ప్లేయర్ కొనొద్దు బాబూ. బ్లూటూత్‌లో పాట పంపే ఎల్‌డాక్ పద్ధతి గరిష్ఠంగా 990, సీడీ క్వాలిటీ 1411 కేబీపీఎస్. లోపలున్న డాక్‌కీ ఆంప్‌కీ పనే ఉండదు.

నెల్లూరు_వైర్డ్
చాలా థ్యాంక్స్ అందరికీ. నాది వైర్డ్ ఇయర్‌ఫోనే, 3.5 ఎంఎం జాక్. అయితే ఆండ్రాయిడ్ 13 ఉన్నదే చూస్తాను. ఫియోలో ‘ప్యూర్ మ్యూజిక్’ మోడ్ అని ఉందట, స్ట్రీమింగ్‌కి అది పెడితే ఇంకా బాగుంటుందా?

హన్మకొండ_ఆడియో
లేదు తమ్ముడూ, అందులో స్ట్రీమింగ్ యాప్‌లు తెరుచుకోవు, కార్డులో ఉన్న సొంత ఫైళ్లకే అది. నువ్వు ఆండ్రాయిడ్ మోడ్‌లోనే ఉండు. బస్సులో ఇంజన్ మోత ఆపడానికి ఫోమ్ టిప్స్ (ఇయర్‌ఫోన్ చివర పెట్టే మెత్తని స్పాంజి తొడుగులు) తీసుకో, అక్కడ 24 బిట్ కంటే అవే ఎక్కువ పనికొస్తాయి.

కాకినాడ_97
ఇంకోటి, కార్డు చవగ్గా వస్తుందని ఎక్కడపడితే అక్కడ కొనొద్దు. 512 జీబీ అని రాసి ఉండి లోపల అంత లేని నకిలీ కార్డులు తిరుగుతున్నాయి, కొంత నిండాక డౌన్‌లోడ్ చేసిన పాటలు మాయమైపోతాయి, తప్పు యాప్‌ది అనుకుని మళ్లీ మళ్లీ దించుకుంటూ కూర్చుంటాం. కొన్నాక ముందు కంప్యూటర్‌లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రామ్‌తో పూర్తిగా పరీక్షించి, ఆ తర్వాతే ప్లేయర్‌లో వేసి ఫార్మాట్ చెయ్యండి.