నానో పార్టికల్స్ అన్నీ లివర్‌లోనే ఆగిపోతున్నాయి, ఎందుకు?

ప్రశ్న (ఎంఫార్మ్ సెకండియర్):
నాలుగు నెలలు కష్టపడి పీఎల్‌జీఏ (ఒంట్లో కరిగిపోయే పాలిమర్)తో, మందు మోసుకెళ్ళే 120 నానోమీటర్ల పార్టికల్స్ చేశాను. ప్లేటులో పెంచిన క్యాన్సర్ కణాల్లోకి బాగా వెళ్ళాయి. మొన్న కణితి ఉన్న చిట్టెలుకకి తోక సిరలో ఇచ్చి, 4 గంటల తర్వాత ఇమేజింగ్ చేస్తే లివర్, స్ప్లీన్ మెరిసిపోతున్నాయి. కణితి దగ్గర దాదాపు చీకటే. వచ్చే నెల గైడ్‌కి రిపోర్ట్ ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పెక్కడ జరిగింది?

జవాబు 1:
మీ తప్పేమీ లేదు. పీహెచ్‌డీలో నాకూ ఇదే జరిగింది, రెండు రోజులు ల్యాబ్ వైపే వెళ్ళలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

రక్తంలో పడిన నిమిషాల్లోనే పార్టికల్ ఒంటినిండా ప్రోటీన్లు అతుక్కుంటాయి. యాంటీబాడీలు, కాంప్లిమెంట్ సీ3 (రోగనిరోధక వ్యవస్థకి చెందిన ఒక ప్రోటీన్) వాటిలో ఉంటాయి. లివర్‌లోని కుప్ఫర్ కణాలకి (ఇవి మాక్రోఫేజ్‌లు, అంటే బయటి పదార్థాల్ని మింగే కణాలు) సరిగ్గా వీటిని పట్టుకునే రిసెప్టర్లున్నాయి. అవి రక్తనాళాల లోపలే కాపు కాస్తుంటాయి, పైగా అక్కడ రక్తం నెమ్మదిగా పారుతుంది. దొరికినదాన్ని పొరతో చుట్టి లోపలికి లాక్కుని లైసోజోమ్‌కి (కణంలో అరిగించే సంచికి) పంపేస్తాయి. బ్యాక్టీరియాని ఏరేసే పద్ధతే ఇది. మీ ప్లేటులో ఆ కాపలా కణాలే లేవు కదా!

పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పూత వేస్తే ఈ అతుకుడు తగ్గుతుంది. 1995లో అనుమతి పొందిన డాక్సిల్ (పెగ్ పూత ఉన్న లైపోసోమ్‌లో, అంటే చిన్న కొవ్వు బుడగలో పెట్టిన క్యాన్సర్ మందు) రక్తంలో రోజుల తరబడి తిరిగేది అందుకే. అయినా 2016లో టొరంటో యూనివర్సిటీ వాళ్ళు పదేళ్ళ పేపర్లు లెక్కేస్తే, కణితికి చేరిన డోసు మధ్యస్థంగా 0.7 శాతమే. ఈ అంకె రిపోర్టులో తప్పకుండా రాయండి.

ఒక్కటి మాత్రం సరిచూసుకోండి: ఇమేజింగ్‌లో మెరిసే డై పార్టికల్ నుంచి విడిపోయి, ఒంటరిగా లివర్‌కి వెళ్ళిందేమో.

జవాబు 2 (డాక్టర్):
మాక్రోఫేజ్ మింగితే మందు దండగ అనుకోకండి. బీహార్‌లో కాలా అజార్ (ఒక పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) రోగులకి లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి (లైపోసోమ్‌లో పెట్టిన మందు) ఒంటి బరువు కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున ఒకే డోసు ఇస్తారు. ఆ పరాన్నజీవి బతికేదే లివర్, స్ప్లీన్, ఎముక మజ్జల్లోని మాక్రోఫేజ్‌ల లోపల. ఆ కణాలు లైపోసోమ్‌ని మింగడమే అక్కడ మనకి కావాల్సింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్స్, మనసు కుదుటపడింది. మేడమ్, ఆ ప్రోటీన్లు నా పార్టికల్‌కి అంటాయని చూపించడమెలా?

జవాబు 1:
చిట్టెలుక ప్లాస్మాలో 37 డిగ్రీల దగ్గర గంట ఉంచండి. సెంట్రిఫ్యూజ్ చేసి, మూడుసార్లు కడిగి, ప్రోటీన్లని విడదీసే జెల్ మీద నడపండి. పక్క లేన్‌లో ప్లాస్మాలో పెట్టని పార్టికల్స్ వేయడం మర్చిపోవద్దు.