మొదటి ఎలిజబెత్ రాణి కాలపు ఆరు పెన్నీల వెండి నాణెం: అంచు కత్తిరించినదా, నకిలీయా?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. లండన్‌లో ఒక పాత నాణేల దుకాణంలో ఈ నాణెం కొన్నాను. ఒకవైపు రాణి ముఖం, తల వెనుక గులాబీ. రెండోవైపు డాలు, దానిపైన 1567 అని సంవత్సరం ఉన్నాయి. అంచు గుండ్రంగా లేదు, కొన్ని అక్షరాల పైభాగాలు లేవు, బరువు 2.6 గ్రాములే తూగింది. నేను మోసపోయానా? నల్లబడిన వెండిని శుభ్రం చేయవచ్చా?

మొదటి సమాధానం: అంచు వంకరగా ఉన్నంత మాత్రాన అనుమానించనక్కరలేదండీ. ఆనాడు వెండి రేకును కత్తెరతో బిళ్లలుగా కోసి, చెక్క మొద్దులో దిగగొట్టిన కింది అచ్చుపై బిళ్లను పెట్టి, పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవారు. చెయ్యి కాస్త కదిలినా బొమ్మ పక్కకు జరిగి, ఒక అంచున అక్షరాలు తెగిపోయేవి, దానికి ఎదుటి అంచున ఖాళీ వెండి మిగిలేది. మీ నాణేనికి అలాంటి ఖాళీ ఉందా? లేకుండా చుట్టూ అక్షరాలు కురచగా ఉంటే, వెండి కాజేయడానికి ఎవరో అంచును కత్తిరించారనే అనుకోవాలి.

బరువు కూడా అదే చెబుతోంది. అప్పట్లో ఒక ట్రాయ్ పౌను (వెండి తూచే కొలత, సుమారు 373 గ్రాములు) వెండి నుంచి 60 షిల్లింగులు ముద్రించేవారు కనుక, అర షిల్లింగైన మీ నాణెం సుమారు 3.1 గ్రాములు ఉండాలి. ముఖం స్పష్టంగా ఉండగా ఆరో వంతు తగ్గిందంటే అది కేవలం అరుగుదల కాదు. అంచు కత్తిరించడం మరణశిక్ష పడే రాజద్రోహమైనా ఆ పని ఆగలేదు. చివరికి 1696లో పాత సుత్తి నాణేలను వెనక్కి తీసుకుని కరిగించవలసి వచ్చింది.

అక్షరాల మొదట్లో చిన్న కిరీటం గుర్తు ఉందేమో చూడండి. అది 1567కు సరిపోయే టంకశాల గుర్తు. పోతపోసిన నకిలీకి సాధారణంగా ఉపరితలంపై సన్నని గాలి బుడగల గుంటలు, అంచున అతుకు గీత కనబడతాయి.

రెండో సమాధానం: దయచేసి తోమకండి. మన ఇళ్లలో వెండి కుందులను విభూతితో తోమినట్లే నా మొదటి నాణేన్ని తోమాను. రాణి జుట్టులోని సన్నని గీతలు పోయాయి, ఇక తిరిగిరావు. మట్టి ఉంటే స్వేదనజలంలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. ఆ నలుపును అలాగే ఉండనివ్వండి.

ప్రశ్నించినవారు: భూతద్దంతో చూశాను. కిరీటం గుర్తు ఉంది, బుడగలు గానీ అతుకు గానీ లేవు, ఎదుటి అంచున ఖాళీ వెండి కూడా లేదు. కత్తిరించిన అసలు నాణెమేనని అర్థమైంది. తోమకుండా కాగితపు కవరులో భద్రపరిచాను.