మంగళగిరి చీరలు: మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాలా, సొంత సైట్ పెట్టుకోవాలా?

మగ్గం ఇంటి అబ్బాయి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. నాన్నగారు మాస్టర్ వీవర్, మా కింద కొన్ని గుంట మగ్గాలు నడుస్తున్నాయి. ఇన్నాళ్లూ సరుకంతా విజయవాడ, హైదరాబాద్ షాపులకే వేశాం. సరుకు తీసుకునేటప్పుడు అందరూ బాగానే మాట్లాడతారు, డబ్బు దగ్గరికొచ్చేసరికి మాత్రం పండగ వెళ్లనీ, పెళ్లిళ్ల సీజన్ అయిపోనీ అంటారు. ఇక్కడేమో నేసేవాళ్లకి కూలి ఆపలేం, నూలు అప్పుకి తెస్తే రేటు మారిపోతుంది. నాన్నగారు పడే ఈ టెన్షన్ చూసే నేరుగా కట్టుకునేవాళ్లకే అమ్ముదామని దిగుతున్నా.

ఇంట్లో మాత్రం రెండు మాటలుగా ఉంది. అక్క మార్కెట్‌ప్లేస్‌లో (అందరి సరుకూ ఒకేచోట అమ్మే ఆన్‌లైన్ యాప్‌లు) పెట్టేద్దాం, జనం వెతికేది అక్కడే అంటుంది. బావగారేమో సొంత సైట్ పెట్టు, మన పేరు నిలబడుతుంది, ఎవరికీ కమిషన్ కట్టక్కర్లేదు అంటున్నారు. ఇద్దరి మాటా సబబే అనిపిస్తోంది, కానీ చేతిలో ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుంది.

మా సరుకు 80 కౌంట్ (నూలు సన్నదనం కొలత) కాటన్, నిజాం అంచు, బాడీ ప్లెయిన్. 1,800 నుంచి 2,500 దాకా. పట్టు కలిపినవి 5,000 పైన. ఒక రంగులో పడుగుకి (మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు నూలు) వచ్చినన్ని చీరలే, మళ్లీ అదే రంగు అద్దించినా ఒక పిసరు తేడా వస్తుంది. ఇలాంటి సరుకుకి ఏది నయం? చేస్తున్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

చీరాల కోడలు

తమ్ముడూ, నేను రెండుచోట్లా అమ్ముతున్నాను కాబట్టి చెప్తున్నా. కమిషన్ దగ్గర ఆగిపోకు, నువ్వు ముందు చూసుకోవాల్సింది రిటర్నులు. మార్కెట్‌ప్లేస్‌లో చీర కొన్న మనిషికి నువ్వెవరో తెలీదు, మగ్గం మీద నేసిందో మరమగ్గం మీద నేసిందో కూడా ఫోటోలో పోల్చుకోలేదు. నీ 2,000 చీర పక్కనే 499కి ‘మంగళగిరి స్టైల్’ అని మరమగ్గం చీర కనిపిస్తుంది, కొనేవాళ్లు రెండూ తెప్పించుకుని చూసి ఒకటి వెనక్కి పంపడం మామూలు. ఆ వెనక్కి వచ్చే చీర మడత విప్పేసి, ఒక్కోసారి సెంటు వాసనతో వస్తుంది. దాన్ని మళ్లీ కొత్త చీరలా అమ్మడానికి నీకు మనసు ఒప్పదు.

రంగు సంగతి ఇంకా ముఖ్యం. మీ ముదురు ఆకుపచ్చ ఫోన్లో నెమలిపింఛం రంగులా పడుతుంది, అక్కడినుంచే గొడవ మొదలు. ఎండ నేరుగా పడకుండా, పొద్దున పూట వరండాలో తియ్యి, చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే రంగు సరిచేసుకోవడం సులువు. అంచు దగ్గరగా ఒకటి, పైట పూర్తిగా పరిచి ఒకటి, చీర వెనకవైపు ఒకటి తప్పకుండా ఉండాలి. వెనకవైపు ఫోటో చూసి నేత తెలిసినవాళ్లు కొంటారు, అలాంటివాళ్లు తిప్పి పంపరు.

ప్యాకింగ్ ఒకటి చెప్తా, ఇది ఎవరూ ముందు చెప్పరు. చాలా కొరియర్లు బరువుతో పాటు సైజు కూడా లెక్కేస్తాయి, పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. 30, 25, 5 సెంటీమీటర్ల పెట్టె అయితే 750 గ్రాములు వస్తుంది, అంటే అర కిలో స్లాబు దాటిపోయినట్టే. అదే ఎత్తు 3 సెంటీమీటర్లకి తగ్గిస్తే 450 గ్రాములు. చీర అదే, మడత పద్ధతి మార్చినందుకు ప్రతి పార్శిల్ మీదా డబ్బు మిగులుతుంది. ప్యాక్ చేసేటప్పుడు, రిటర్న్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకో, వేరే చీర పెట్టి పంపినప్పుడు నీ దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే.

నా మాట అడిగితే, 2,000 లోపు కాటన్‌వి, పడుగులో ఎక్కువ వచ్చిన రంగులు మార్కెట్‌ప్లేస్‌లో పెట్టు. పట్టు కలిపినవి, ఒకటీ రెండూ మాత్రమే ఉన్నవి అక్కడ పెట్టకు.

బెజవాడ ఆడిటర్

పన్నుల వైపు నుంచి రెండు మాటలు, ఎందుకంటే ఇంట్లో చర్చ అయ్యేటప్పుడు ఇవి లెక్కలోకి రావు.

2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న వ్యాపారులు కూడా మార్కెట్‌ప్లేస్‌లో సరుకు అమ్మొచ్చు, పాన్‌తో పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుంటే చాలు. కానీ సొంత రాష్ట్రంలోనే అమ్మాలి. మీరు మంగళగిరిలో ఉండి హైదరాబాద్‌కి చీర పంపితే అది రాష్ట్రం దాటినట్టే. మీ కొనుగోలుదారుల్లో సగం మంది హైదరాబాద్, బెంగళూరుల్లోనే ఉంటారు కదా, కాబట్టి రిజిస్ట్రేషన్ తీసుకునే దిగండి. తీసుకుంటే నూలు మీద, ప్యాకింగ్ మీద కట్టిన జీఎస్టీకి, మార్కెట్‌ప్లేస్ ఫీజుల మీద వేసే 18% జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలో అది తగ్గుతుంది.

తర్వాత, మార్కెట్‌ప్లేస్ మీకు డబ్బు వేసేముందు టీసీఎస్ (జీఎస్టీ కింద ముందే తీసుకునే పన్ను) పట్టుకుంటుంది. మొదట్లో 1% ఉండేది, 2024 జూలై 10 నుంచి 0.5% చేశారు. ఇన్‌కమ్ ట్యాక్స్ కింద టీడీఎస్ కూడా ఉంది, అది 2024 అక్టోబర్ 1 నుంచి 1% కాస్తా 0.1% అయింది. రెండూ పోయిన డబ్బు కాదు, పన్ను రిటర్నులు సరిగా వేస్తే తిరిగి మీ లెక్కలోకి వస్తాయి. చాలామంది ఇవి కూడా కమిషన్‌లో కలిపేసుకుని వ్యాపారం గిట్టుబాటు కాదని మానేస్తున్నారు, అది చూస్తే బాధేస్తుంది.

సొంత సైట్‌కి కమిషన్ ఉండదన్న మీ బావగారి మాట పూర్తిగా నిజం కాదు. పేమెంట్ గేట్‌వేలు (సైట్‌లో కొన్నవాళ్ల డబ్బు మీ ఖాతాకి చేర్చేవాళ్లు) మామూలుగా 2% దగ్గర తీసుకుంటాయి, దాని మీద 18% జీఎస్టీ. 2,000 చీరకి 47 రూపాయల 20 పైసలు. అదేమీ పెద్దది కాదు, అసలు ఖర్చు మనిషిని సైట్ దాకా రప్పించడానికి పెట్టే ప్రకటనలది. ఇంకోటి, 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమాలు సొంత సైట్‌కి కూడా వర్తిస్తాయి. వ్యాపారం పేరు, చిరునామా, రిటర్న్ పద్ధతి సైట్‌లో కనబడాలి, ఫిర్యాదులు చూసే మనిషి పేరు ఇవ్వాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పి నెలలోపు తేల్చాలి.

సైట్లు కట్టే పని, కూకట్‌పల్లి

నా తిండి సైట్ల మీదే, అయినా చెప్తున్నా తమ్ముడూ, మొదటి రోజే సైట్‌కి డబ్బు పెట్టకు. సైట్ పెట్టడం వారం పని. ఆ తర్వాత దానికి మనుషులు ఎక్కడినుంచి వస్తారన్నదానికి నీ దగ్గర జవాబు ఉండాలి. సందులో లోపల అద్దెకి షాపు తీసుకుని బోర్డు పెట్టినట్టే, ఎవరో ఒకరు చేయి పట్టుకుని తీసుకురావాలి.

ముందు వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టు, డబ్బుకి యూపీఐ తీసుకో. ఇన్‌స్టాలో మగ్గం మీద నేత చూపించు, నాన్నగారు పేక వేస్తున్న చప్పుడుతో సహా. మీ దగ్గర సరుకే కాదు, మగ్గం కూడా ఉంది, రీసెల్లర్లకి లేనిది అదే. అలా కొన్నవాళ్ల నంబర్లు, వాళ్లకి నచ్చిన రంగులు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ పో. మార్కెట్‌ప్లేస్ ఆ నంబరు నీకివ్వదు. పార్శిల్‌లో నీ సైట్ కార్డు పెట్టి మనిషిని ఇటు లాగుదామంటే పెద్ద మార్కెట్‌ప్లేస్‌ల నిబంధనలు ఒప్పుకోవు, పట్టుబడితే అకౌంట్ ఆపేస్తారు, అందులో ఉన్న డబ్బు కూడా ఇరుక్కుంటుంది. మా దగ్గరికొచ్చిన ఒకాయనకి సరిగ్గా దసరా ముందు ఇలాగే ఆపేశారు, బతిమాలి మళ్లీ తెరిపించుకునేసరికి సీజన్ అయిపోయింది. సరుకంతా ఒక్కచోటే పెట్టొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఆ నోట్‌బుక్‌లో మళ్లీ మళ్లీ కొనేవాళ్లు కనబడడం మొదలయ్యాక సైట్ పెట్టు. అప్పుడు కూడా క్యాష్ ఆన్ డెలివరీ పూర్తిగా తెరవకు, తలుపు దగ్గర వద్దంటే పోనూ రానూ ఛార్జీలు రెండూ నీ మీదే. కనీసం కొంత అడ్వాన్స్ తీసుకో.

మగ్గం ఇంటి అబ్బాయి

అందరికీ చాలా థాంక్స్. అక్కా, ఆ పెట్టె లెక్క ఇప్పుడే టేపు పెట్టి చూశా, మా పెట్టె ఎత్తు 6 ఉంది! ఇంకొక్కటి అడగాలి. డల్లాస్‌లో మా పిన్నివాళ్లు, వాళ్ల స్నేహితులు నేరుగా పంపమంటున్నారు. వాళ్లకోసమైనా సైట్ కావాలా? ఇంకా ఆ ‘మంగళగిరి స్టైల్’ వాళ్లని ఏమీ చేయలేమా?

బెజవాడ ఆడిటర్

అమెరికాకి అయితే తొందరపడకండి. 800 డాలర్ల లోపు పార్శిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు. ఒక్క చీర పంపినా సుంకం సంగతి ముందే పిన్నిగారికి చెప్పి, అది ఎవరు కట్టుకోవాలో మాట్లాడుకుని పంపండి. పది మంది బంధువులకోసం సైట్ అక్కర్లేదు, వీడియో కాల్‌లో చీర చూపించండి చాలు.

మంగళగిరి చీరలకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు) ఉంది. చట్టపరంగా దాన్ని మీ లేబుల్ మీద వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా మీ పేరు చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో నమోదు కావాలి. ఊళ్లో చేనేత సంఘంలో అడగండి, ఎవరో ఒకరు చేయించుకునే ఉంటారు. అది, హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ (చేనేత సరుకే అని చూపే ప్రభుత్వ గుర్తు), రెండూ చేతిలో ఉంటే నకిలీ పేరుతో అమ్మేవాళ్ల మీద మార్కెట్‌ప్లేస్‌కి ఫిర్యాదు పెట్టినప్పుడు మీ మాటకి బలం ఉంటుంది.

చీరాల కోడలు

ఆడిటర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతున్నా. హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ చీర లోపలి మడతలో కాకుండా పై మడత మీద కనబడేలా కుట్టించు, మొదటి ఫోటోలోనే అది పడాలి. ఇంకా ఆ 6 సెంటీమీటర్ల పెట్టెలు పారేయకు తమ్ముడూ, రెండు చీరల ఆర్డర్లకి పనికొస్తాయి.