ఫోన్ ఛార్జ్ అవుతుంది కానీ ఏడీబీకి కనపడదు: డ్రైవర్ తప్పా, ఇంకేదైనానా?

కొత్తకోడు
విండోస్ 11 ల్యాప్‌టాప్. ఆండ్రాయిడ్ స్టూడియో కొత్తగా వేసింది. రెడ్‌మీ ఫోన్ తగిలిస్తే ఛార్జింగ్ ఎక్కుతోంది, కానీ ఏడీబీలో (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపే టూల్) "ఏడీబీ డివైసెస్" కొడితే హెడ్డింగ్ కింద ఖాళీ. డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లోనే ఉంది. ఎస్‌డీకే (యాప్‌లు తయారుచేసే టూళ్ల కట్ట) మేనేజర్‌లో గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్‌కి టిక్ పెట్టి దింపడం కూడా అయింది. ఇంకేం మిగిలింది? ఇదే మెషీన్‌కి తర్వాత శాంసంగ్, పిక్సెల్ కూడా తగిలించాలి.

రెండుతీగలు
డ్రైవర్ జోలికి వెళ్లకముందు కేబుల్ సంగతి తేల్చండి. యూఎస్‌బీ 2 కేబుల్లో ఉండాల్సినవి నాలుగు తీగలు: రెండు కరెంటుకి, రెండు డేటాకి. పవర్ బ్యాంకుతోనో, ఇయర్‌ఫోన్లతోనో వచ్చే చవక కేబుళ్లు చాలావాటిలో డేటా తీగలు అసలు ఉండవు. పైకి చూస్తే తేడా తెలియదు.

పరీక్ష ఇదీ. డివైస్ మేనేజర్ (తగిలించిన పరికరాలన్నిటినీ చూపే విండోస్ లిస్టు) తెరిచి పెట్టుకుని ఫోన్ తగిలించండి. లిస్టు ఒకసారి మినుక్కుమని మళ్లీ నిండాలి, విండోస్ టింగుమనాలి. రెండూ జరగలేదంటే కంప్యూటర్‌కి అక్కడ ఫోనుందనే తెలియదు, ఎన్ని డ్రైవర్లు వేసినా దండగే. కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా పోర్టులో పెట్టండి. ఆ తర్వాత ఫోన్ నోటిఫికేషన్లో "ఛార్జింగ్ ఓన్లీ" తీసి "ఫైల్ ట్రాన్స్‌ఫర్" ఎంచుకోండి. కొన్ని ఫోన్లకి ఇది అక్కర్లేదు, కొన్నిటికి తప్పదు.

పసుపుగుర్తు
లిస్టు కదిలిందీ అంటే మిగతాది నేను చెప్తాను. అసలు పొరపాటు మీ పోస్టులోనే ఉంది: ఎస్‌డీకే మేనేజర్ ఆ డ్రైవర్‌ని డౌన్‌లోడ్ మాత్రమే చేస్తుంది, ఇన్‌స్టాల్ చేయదు. ఎస్‌డీకే ఫోల్డర్లో ఎక్స్‌ట్రాస్, అందులో గూగుల్, అందులో యూఎస్‌బీ డ్రైవర్ అనే ఫోల్డర్ దగ్గర అది అలా పడి ఉంటుంది. విండోస్‌కి దాన్ని మనమే చూపించాలి.

డివైస్ మేనేజర్లో "అదర్ డివైసెస్" కింద పసుపు ఆశ్చర్యార్థకంతో మీ ఫోన్ పేరో, "ఏడీబీ ఇంటర్‌ఫేస్" అనో ఉంటుంది. దాని ప్రాపర్టీస్‌లో కోడ్ 28 అని ఉంటే డ్రైవర్ లేదని అర్థం. ఇది మంచి వార్తే. కోడ్ 43 అయితే ఫోనో, కేబులో, పోర్టో సరిగ్గా జవాబివ్వడం లేదని. అప్పుడు పైన చెప్పిన కేబుల్ పరీక్షకే తిరిగి వెళ్లాలి.

కోడ్ 28 అయితే: రైట్ క్లిక్, అప్‌డేట్ డ్రైవర్, "బ్రౌజ్ మై కంప్యూటర్", ఆ ఫోల్డర్ చూపించండి. పిక్సెల్ అయితే ఇక్కడితో సరి. రెడ్‌మీకి చాలాసార్లు "ఈ ఫోల్డర్లో మీ డివైస్‌కి సరిపోయే డ్రైవర్ లేదు" అంటుంది. ఎందుకంటే ఆ డ్రైవర్ ఫైల్లో రాసున్నవి గూగుల్ పరికరాల నంబర్లు. మీ ఫోన్ నంబర్ చూడాలంటే ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్. వీఐడీ (కంపెనీ నంబర్) పక్కన 18డీ1 ఉంటే గూగుల్, 2717 అయితే షావోమీ (రెడ్‌మీ వీళ్లదే), 04ఈ8 అయితే శాంసంగ్. నంబర్ కలవకపోతే విండోస్ తనంతట తాను ఒప్పుకోదు.

అప్పుడు చేతితో అంటగట్టాలి. మళ్లీ అప్‌డేట్ డ్రైవర్, బ్రౌజ్, ఈసారి కింద ఉన్న "లెట్ మీ పిక్" నొక్కండి. "షో ఆల్ డివైసెస్", తర్వాత "హ్యావ్ డిస్క్". ఆండ్రాయిడ్_విన్‌యూఎస్‌బీ అనే ఐఎన్‌ఎఫ్ ఫైల్ (డ్రైవర్ వివరాలు రాసుండే ఫైల్) ఆ ఫోల్డర్లోంచే చూపిస్తే మూడు పేర్లొస్తాయి. "ఆండ్రాయిడ్ ఏడీబీ ఇంటర్‌ఫేస్" ఎంచుకోండి. ఇది సరిపోకపోవచ్చని విండోస్ హెచ్చరిస్తుంది, యెస్ కొట్టేయండి. అది ఎంటీపీ (ఫైళ్ల కాపీ) లైనుకి కాదు, ఏడీబీ లైనుకే చేయాలి సుమా. ఫోన్ ఒకటే అయినా విండోస్‌కి అది రెండు మూడు పరికరాలుగా కనిపిస్తుంది: ఫైళ్లకి ఒకటి, డీబగ్గింగ్‌కి ఒకటి. ఒకదానికి డ్రైవర్ ఉండి రెండోదానికి లేకపోతేనే "ఫోటోలు కాపీ అవుతున్నాయి, ఏడీబీ మాత్రం రావట్లేదు" అనే గోల.

నోట్‌ప్యాడ్‌వీరుడు
ఇంత చుట్టుతిరుగుడు ఎందుకు బ్రో, ఐఎన్‌ఎఫ్ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి మన వీఐడీ, పీఐడీ (పరికరం నంబర్) లైను చేర్చేస్తే పోలా?

పసుపుగుర్తు
పోదు. ఆ ఫైల్‌కి డిజిటల్ సంతకం ఉంటుంది. ఒక్క అక్షరం మారినా హ్యాష్ (ఫైల్ నుంచి లెక్కకట్టే గుర్తు) సంతకంతో వచ్చిన కేటలాగ్‌తో కలవడం లేదని ఇన్‌స్టాల్ ఆపేస్తుంది. దాన్ని దాటాలంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ చేసి, స్టార్టప్ సెట్టింగ్స్‌లో 7 నొక్కి సంతకం తనిఖీ ఆపాలి. పాత బ్లాగులన్నీ ఇదే చెప్తాయి. "హ్యావ్ డిస్క్" ఉండగా ఆ పని నాకైతే అనవసరం అనిపిస్తుంది.

శాంసంగ్‌బెంచ్
శాంసంగ్‌కి గూగుల్ డ్రైవర్‌తో కుస్తీ వద్దు. కంపెనీ డెవలపర్ సైట్లో విండోస్‌కి విడిగా యూఎస్‌బీ డ్రైవర్ ఉంది, మామూలు సెటప్ ఫైల్. ఫోన్ తీసేసి ఇన్‌స్టాల్ చేసి, మళ్లీ తగిలించండి. అన్నీ సరిగ్గా ఉన్నా డీబగ్గింగ్ స్విచ్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వకపోతే సెక్యూరిటీ అండ్ ప్రైవసీలో "ఆటో బ్లాకర్" ఆపండి. శాంసంగ్ ఆండ్రాయిడ్ రూపమైన వన్ యూఐ 6తో వచ్చింది అది. డెవలపర్ ఆప్షన్స్ కనపడాలంటే బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టడం ఇక్కడ "సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్" లోపల.

రెండుతీగలు
రెడ్‌మీలో తట్టాల్సింది బిల్డ్ నంబర్ మీద కాదు, ఎంఐయూఐ వెర్షన్ మీద. కొత్తవాటిలో ఓఎస్ వెర్షన్.

కొత్తకోడు
"హ్యావ్ డిస్క్" పనిచేసింది. ఇప్పుడు సీరియల్ నంబర్ పక్కన "అన్‌ఆథరైజ్డ్" అని వస్తోంది.

తాళంచెవి
అంటే డ్రైవర్ పని అయిపోయింది. ఇక విండోస్‌ని కదపకండి, మిగిలింది ఫోన్ స్క్రీన్ మీదే. లాక్ తీసి చూడండి, "అలో యూఎస్‌బీ డీబగ్గింగ్?" అని, కింద ఆర్‌ఎస్‌ఏ వేలిముద్రగా పొడుగాటి అక్షరాల వరసతో ఒక పెట్టె ఉంటుంది. "ఆల్వేస్ అలో ఫ్రమ్ దిస్ కంప్యూటర్" టిక్ పెట్టి ఓకే. ఆండ్రాయిడ్ 4.2.2 నుంచి ఈ అనుమతి తప్పనిసరి.

పెట్టె రాకపోతే డెవలపర్ ఆప్షన్స్‌లో "రివోక్ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆథరైజేషన్స్" నొక్కి, కేబుల్ పీకి, "ఏడీబీ కిల్-సర్వర్" కొట్టి, మళ్లీ తగిలించి "ఏడీబీ డివైసెస్" కొట్టండి. అప్పటికీ రాకుంటే మీ యూజర్ ఫోల్డర్లో ".ఆండ్రాయిడ్" అనే డైరెక్టరీలో ఏడీబీకీ పేరుతో రెండు ఫైళ్లుంటాయి, తీసేయండి. సర్వర్ మళ్లీ లేచినప్పుడు కొత్త తాళం తయారవుతుంది. ఆ మెషీన్‌కి అంతకుముందు అనుమతిచ్చిన ఫోన్లన్నీ మళ్లీ అడుగుతాయి, అంతే నష్టం.

ఇంకోటి. "సర్వర్ వెర్షన్ క్లయింట్‌తో కలవడం లేదు, కిల్ చేస్తున్నాను" అని మాటిమాటికీ వస్తే మెషీన్లో రెండు ఏడీబీలు ఉన్నట్టు. కొన్ని ఎమ్యులేటర్లు, స్క్రీన్ చూపించే టూళ్లు తమ ఏడీబీని వెంట తెచ్చుకుంటాయి. రెండూ 5037 పోర్టు కోసమే కొట్టుకుంటాయి. "వేర్ ఏడీబీ" కొట్టి పాత్‌లో (విండోస్ కమాండ్లు వెతికే ఫోల్డర్ల వరస) ఎన్ని ఉన్నాయో చూడండి, ఒక్కటి ఉంచండి.

రెండుతీగలు
రెడ్‌మీకి ఇంకో గండం ఉంది, ముందే చెప్తున్నా. డివైస్ కనిపిస్తుంది, రన్ నొక్కితే "ఇన్‌స్టాల్ ఫెయిల్డ్ యూజర్ రిస్ట్రిక్టెడ్" అంటుంది. అదే డెవలపర్ ఆప్షన్స్‌లో "ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ" అనే వేరే స్విచ్ ఆన్ చేయాలి. దానికి ఫోన్‌లో మీ షావోమీ అకౌంట్‌లో లాగిన్ అయి ఉండాలి, చాలా మోడళ్లు సిమ్ కూడా అడుగుతాయి. టెస్టింగ్‌కని సిమ్ లేకుండా పెట్టుకున్న ఫోన్లు ఇక్కడే ఆగిపోతాయి. ఇన్‌స్టాల్ అప్పుడు ఫోన్ మీద పది సెకన్లో ఎంతో లెక్కపెడుతూ అనుమతి పెట్టె వస్తుంది. చూసుకోకపోతే అదీ వద్దన్నట్టే లెక్క.

పెంగ్విన్‌మావ
ఉబుంటు (లినక్స్) వాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ డ్రైవర్ అంటూ ఏమీ లేదు, అనుమతులే. ఏడీబీ "నో పర్మిషన్స్" అంటే ఏపీటీతో "ఆండ్రాయిడ్-ఎస్‌డీకే-ప్లాట్‌ఫామ్-టూల్స్-కామన్" ప్యాకేజీ వేయండి, యూడెవ్ రూల్స్ (ఏ పరికరాన్ని ఎవరు వాడొచ్చో చెప్పే ఫైళ్లు) అందులో ఉంటాయి. మీ యూజర్‌ని "ప్లగ్‌డెవ్" గ్రూపులో చేర్చి లాగౌట్ అయి రండి. టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. సుడోతో (అడ్మిన్ హక్కులతో) ఏడీబీ నడిపే అలవాటు మాత్రం మానండి. మ్యాక్‌కి ఇదీ అక్కర్లేదు.

బూట్‌లోడ్
ఏడీబీ బాగానే ఉండి, ఫోన్ ఫాస్ట్‌బూట్‌లోకి (ఆండ్రాయిడ్ లేవకముందు ఉండే మోడ్) వెళ్లగానే "వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" దగ్గర నిలిచిపోయిందా? ఆ మోడ్‌లో ఫోన్ వేరే పీఐడీతో కనిపిస్తుంది, విండోస్‌కి అది కొత్త పరికరం. "హ్యావ్ డిస్క్" తంతు మళ్లీ చేసి, ఈసారి "ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్" ఎంచుకోవాలి. డ్రైవర్ పడినా మధ్యలో తెగిపోతుంటే యూఎస్‌బీ 3 పోర్టు వదిలి యూఎస్‌బీ 2 పోర్టులోనో, పాత 2.0 హబ్ ద్వారానో పెట్టి చూడండి.

ల్యాబ్‌బెంచ్ 14
కాలేజీ ల్యాబులో అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వరు కదండీ, డ్రైవర్ ఎలా వేస్తాం?

తాళంచెవి
వేయలేం. ఫోన్ ఆండ్రాయిడ్ 11 లేదా ఆపైది అయితే వైర్‌లెస్ డీబగ్గింగ్ వాడండి, దానికి డ్రైవర్ అక్కర్లేదు. ప్లాట్‌ఫామ్ టూల్స్ (ఏడీబీ వచ్చే ప్యాకేజీ) 30 లేదా ఆపైది ఉండాలి. ఫోన్‌లో "పెయిర్ డివైస్ విత్ పెయిరింగ్ కోడ్" నొక్కితే ఐపీ, పోర్టు, 6 అంకెల కోడ్ చూపిస్తుంది. "ఏడీబీ పెయిర్"కి ఆ పోర్టు ఇవ్వండి. తర్వాత "ఏడీబీ కనెక్ట్"కి ఇవ్వాల్సింది వెనక్కి వచ్చి వైర్‌లెస్ డీబగ్గింగ్ పేజీలో కనపడే పోర్టు. రెండూ వేరు. సగం మంది పెయిరింగ్ పోర్టుకే కనెక్ట్ కొట్టి "రిఫ్యూజ్డ్" అంటారు.

ల్యాబ్‌బెంచ్ 14
ఫోనూ కంప్యూటరూ ఒకే వైఫైలో ఉన్నా పెయిర్ దగ్గరే వేలాడుతోంది.

తాళంచెవి
కాలేజీ వైఫైలో ఒక పరికరానికి ఇంకో పరికరం కనపడకుండా కట్టేసి ఉంటారు. పక్కవాళ్ల ఫోన్ హాట్‌స్పాట్‌కి కంప్యూటర్‌నీ, టెస్ట్ ఫోన్‌నీ రెండిటినీ కలపండి. టెస్ట్ ఫోన్‌నే హాట్‌స్పాట్ చేయకండి, వైఫైకి కలిసి లేకపోతే వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ అవ్వదు. డెస్క్‌టాప్‌కి వైఫై కార్డే లేకపోతే మాత్రం ల్యాబ్ అసిస్టెంట్ గారిని బతిమాలుకోవాల్సిందే.