రెండు సాఫ్ట్‌వేర్‌ల మధ్య ‘సంఘర్షణ’ అనాలా, ‘పడటం లేదు’ అనాలా?

అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

నేను విజయవాడలో చిన్న ఆఫీసులకు కంప్యూటర్లు చూసిపెడుతుంటాను. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులు, స్పేర్‌పార్ట్స్ కొట్లు, ఆడిటర్ల ఆఫీసులు. వీళ్లలో చాలామంది ఇప్పటికీ మెయిల్‌ని బ్రౌజర్‌లో కాకుండా అవుట్‌లుక్‌లోనో థండర్‌బర్డ్‌లోనో చూస్తారు. నెట్ లేకపోయినా పాత ఇన్వాయిస్ చేతికి దొరకాలి వాళ్లకి. ఆ మెయిల్ సాఫ్ట్‌వేర్‌కీ, అదే కంప్యూటర్‌లో ఉన్న ఇంకో ప్రోగ్రాంకీ తేడా వచ్చినప్పుడు ఏం చెయ్యాలో తెలుగులో నాలుగు పేజీలు రాస్తున్నాను.

ఇంగ్లీషులో ఈ తేడాని కాన్‌ఫ్లిక్ట్ అంటారు. నిఘంటువు తీస్తే సంఘర్షణ, ఘర్షణ, వైరుధ్యం అని ఉంది. సరే అని ‘మెయిల్ సాఫ్ట్‌వేర్‌కు, యాంటీవైరస్‌కు మధ్య సంఘర్షణ ఏర్పడినప్పుడు’ అని మొదలుపెట్టాను. ప్రింటు తీసి ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు చూసే ఆవిడకి ఇచ్చాను. ఆవిడ ఆ వాక్యం రెండుసార్లు చదివి, “అంటే ఆ రెండింటికీ పడట్లేదనా?” అని అడిగారు.

అవునండీ, అదే. నేను మూడు సంస్కృత పదాలు వెతికి రాసినదాన్ని ఆవిడ ఒక్క మాటలో చెప్పేశారు. అప్పటినుంచి ‘పడదు’ గురించే ఆలోచిస్తున్నాను.

నాకు తోచినది చెబుతాను, తప్పయితే సరిదిద్దండి. ‘పడదు’ని మనం రెండు రకాలుగా వాడతాం. ‘అత్తాకోడళ్లకు పడదు’ అంటే ఇద్దరికీ ఒకరంటే ఒకరికి సరిపడదు. ‘నాకు వంకాయ పడదు’ అంటే వంకాయకి ఏ బాధా లేదు, దురద నాకే. ఈ రెండో వాడుక నాకు చాలా విలువైనదిగా అనిపిస్తోంది. ‘ఇద్దరి మధ్య సంఘర్షణ’ అంటే ఎవరికి దెబ్బ తగిలిందో తెలియదు. ‘దీనికి అది పడలేదు’ అంటే ‘కి’ ఎక్కడుందో చూస్తే చాలు, దెబ్బతిన్నది ఎవరో తెలిసిపోతుంది. కంప్యూటర్ బాగుచేసేవాడికి ముందు కావలసింది అదే.

ఒక సంగతి చెబుతాను. రెండేళ్ల కిందట ఒక కొట్లో పొద్దున్నే మెయిల్ తెరిస్తే ఇన్‌బాక్స్ ఖాళీ. వేల మెయిల్స్ లేవు. ఓనరు గారు టెన్షన్‌తో చెమటలు పట్టి కూర్చున్నారు. హ్యాక్ అయిందనుకున్నారు. జరిగింది వేరు. వాళ్లు వాడే రకం మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఫోల్డరూ మొత్తం ఒకే ఫైలుగా డిస్క్ మీద ఉంటుంది. థండర్‌బర్డ్‌లో కూడా మామూలుగా ఇదే పద్ధతి. రాత్రి ఏదో పాడు అటాచ్‌మెంట్‌తో ఒక మెయిల్ వచ్చింది. యాంటీవైరస్‌కి అది ఒక మెయిల్ అని తెలియదు, దానికి కనిపించేది ఫైలే. బియ్యంలో ఒక రాయి తగిలిందని బస్తా అంతా ఎత్తి గదిలో పెట్టి తాళం వేసినట్టు, ఇన్‌బాక్స్ ఫైలు మొత్తాన్ని క్వారంటైన్‌లో పెట్టేసింది. మెయిల్ సాఫ్ట్‌వేర్‌ని మూసి, ఆ ఫైలుని వెనక్కి తెచ్చి దాని చోట పెట్టాక అన్నీ కనిపించాయి. ఓనరు గారు ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు.

ఇక్కడ ఎవరికి ఎవరు పడలేదు? యాంటీవైరస్‌కి ఏ ఇబ్బందీ లేదు, తన పని తాను చేసుకుంది. మెయిల్‌కే అది పడలేదు. అందుకే చికిత్స కూడా ఒకవైపే ఉంటుంది. మెయిల్స్ దాచుకునే ఫోల్డర్‌ని యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించాలి. థండర్‌బర్డ్‌లో అయితే ప్రైవసీ సెట్టింగ్స్‌లో యాంటీవైరస్ అనే చోట, కొత్తగా వచ్చే ప్రతి మెయిల్‌నీ విడివిడిగా పట్టుకోనిచ్చే ఏర్పాటు ఉంది. దాన్ని టిక్ చేస్తే రాయి ఒక్కటే పోతుంది, బస్తా మిగులుతుంది.

మీరేమంటారు? ‘పడటం లేదు’ అని అచ్చులో రాస్తే మరీ మాట్లాడుకునే భాషలా ఉంటుందా?

జవాబు, కరీంనగర్‌లో సర్వీస్ షాపు నడిపే సభ్యుడు:

అన్నా, మా దగ్గర కస్టమర్ వచ్చి చెప్పేదే అది. “గా రెండింటికి పడ్తలేదు, జర చూడుండ్రి” అంటరు. సంఘర్షణ అని ఇప్పటిదాకా ఒక్కరు కూడా అనలేదు. ఇంకో మాట కూడా వాడుతం, పేచీ. ‘అవుట్‌లుక్ పేచీ పెడుతోంది.’ నేను ఎక్కువగా చూసే పేచీ ఏందంటే, అవుట్‌లుక్ పీఎస్‌టీ ఫైలుని, అంటే మెయిల్స్ అన్నీ దాచే ఫైలుని, తీసుకపోయి వన్‌డ్రైవ్ (ఫైళ్లని నెట్‌ల దాచేది) ఫోల్డర్‌ల పెడతరు, బ్యాకప్ అయితదని. అవుట్‌లుక్ తెరిచి ఉన్నంతసేపు ఆ ఫైలు దాని చేతిలనే ఉంటది. ఇటు వన్‌డ్రైవ్ కూడా అదే ఫైలుని పట్టుకోవాలని చూస్తది. ఇగ ఫైలు వేరే ప్రోగ్రాం వాడుతోందని మెసేజ్ వస్తనే ఉంటది. అవుట్‌లుక్ మూసి, పీఎస్‌టీని ఆ ఫోల్డర్ బయటికి తెచ్చి, కొత్త చోటు చూపిస్తే అయిపోతది.

నా జవాబు:

అన్నా, ఇది నా మొదటి రకం. ‘రెండింటికీ పడదు’ అని ఇద్దరికీ కలిపి చెప్పాల్సిన చోటు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు అన్నది ఇలాంటి దానికే. ఒకే కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లు పెట్టుకునేవాళ్లకీ అదే మాట చెప్పాలి.

పేచీ అన్నారు కాబట్టి ఒక మాట. అది పర్షియన్ నుంచి హిందుస్తానీ మీదుగా వచ్చిన పదం, అసలు అర్థం మెలిక. సంక్రాంతికి హైదరాబాదులో గాలిపటాల దారాలు రెండు మెలిపడితే పేంచ్ పడిందంటారే, అది కూడా అదే పుట్టుక. ఒకే ఫైలుని రెండు ప్రోగ్రాములు పట్టుకోవడానికి మెలిపడ్డ దారాలకంటే మంచి పోలిక నాకు తట్టడం లేదు. అయితే ‘పేచీ పెట్టడం’ అనేసరికి ఒకరు కావాలని చేస్తున్నట్టు ధ్వనిస్తుంది. చదివేవాళ్లు ఆ ప్రోగ్రాం మీద అనుమానం పెంచుకుని దాన్ని తీసేస్తారేమోనని భయం. ‘గిట్టదు’తోనూ నాకు అదే ఇబ్బంది, గిట్టనివాళ్లు అంటే పగవాళ్లు కదా.

జవాబు, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన ఒక సభ్యురాలు:

నాయనా, పడదు చక్కటి మాట, అచ్చులో వాడడానికి ఏ అడ్డూ లేదు. కానీ ‘పొసగు’ని మరిచిపోవద్దు. పాత కావ్యాల్లో ఉంది, బ్రౌన్ నిఘంటువులో ఉంది, ఇవాళ్టి పేపర్లోనూ ‘ఇద్దరు నేతలకు పొసగడం లేదు’ అని చూస్తున్నాం. తగి ఉండటం, ఒకదానితో ఒకటి అమరడం దాని అర్థం. పడదుకీ పొసగదుకీ నీ పనిలో ఏమైనా తేడా చూపించగలవా?

నా జవాబు:

అమ్మా, మీరు అడిగాక రెండు రోజులు నా పాత పనుల నోటుబుక్కు తిరగేశాను. చూపించగలను.

64 బిట్ అవుట్‌లుక్ ఉన్న కంప్యూటర్‌లో 32 బిట్ యాడ్-ఇన్ (అవుట్‌లుక్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం) పెడితే అది తెరుచుకోదు. ఎన్నిసార్లు పెట్టినా అంతే. వాటి కట్టుబడే వేరు, ఒకటి ఇంకోదానిలో అమరదు. ఇది ‘పొసగదు’. ఇక్కడ వెతకాల్సింది ఏమీ లేదు, సరైన రకం తెచ్చుకోవడమే.

అదే యాడ్-ఇన్ సరైన రకమే అయి, నిన్నటిదాకా బాగానే పనిచేసి, ఇంకోటి కొత్తగా చేరాక అవుట్‌లుక్ హ్యాంగ్ అవుతోందనుకోండి. విడిగా ఏదీ చెడ్డది కాదు, కలిసినప్పుడే తంటా. ఇది ‘పడదు’. ఇక్కడే ఆరా తీయాలి. ట్రబుల్‌షూటింగ్‌కి నేను రాసుకున్న మాట కూడా అదే, ఆరా తీయడం.

ఆరా తీసే పద్ధతి మన ఇళ్లలో ఉన్నదే. ఒంటికి ఏదో పడక దద్దుర్లు వస్తే అమ్మమ్మ ఏం చేసేది? అన్నీ ఆపి పథ్యం పెట్టేది. చారన్నంతో తగ్గిందంటే తిండిలోనే ఏదో ఉందన్నమాట. తర్వాత ఒక్కో కూరా మొదలుపెట్టించేది, ఏ రోజు దద్దురు లేస్తే ఆ కూర. అవుట్‌లుక్‌కి పథ్యం సేఫ్ మోడ్. కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని తెరిస్తే, సేఫ్ మోడ్‌లో తెరవమంటారా అని అడుగుతుంది. అప్పుడు యాడ్-ఇన్‌లు లేకుండా లేస్తుంది. థండర్‌బర్డ్‌ని విండోస్‌లో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని తెరవాలి. పథ్యంలో బాగుంటే యాడ్-ఇన్‌లన్నీ ఆపి, ఒక్కోటే తిరిగి పెట్టుకుంటూ రావాలి. ఒకేసారి రెండు పెట్టకూడదు, ఏది పడలేదో మళ్లీ తెలియకుండా పోతుంది. పథ్యంలో కూడా తగ్గకపోతే తప్పు యాడ్-ఇన్‌లది కాదని తేలుతుంది, అదీ మంచి కబురే.

జవాబు, డాలస్ నుంచి ఒక సభ్యుడు:

అందరికీ తెలిసిన క్లాష్ అనే మాట ఉండగా ఇంత చర్చ అవసరమా? ‘యాంటీవైరస్‌తో క్లాష్ అవుతోంది’ అంటే సరిపోతుంది కదండీ.

నా జవాబు:

మాట్లాడేటప్పుడు నేనూ అంటానండీ. కానీ క్లాష్ అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేది ఒకే రోజున పడ్డ రెండు పరీక్షలు, సంక్రాంతికి ఒకేసారి దిగిన రెండు సినిమాలు. అక్కడ రెండూ సమానం. ఇన్‌బాక్స్ ఖాళీ అయిన కొట్లో రెండూ సమానం కాదు, ఒకటి పోగొట్టుకుంది. పైగా మధ్యలో నిలబడే రకం ఒకటుంది, దానికి క్లాష్ అసలు కుదరదు. మెయిల్ సాఫ్ట్‌వేర్, మెయిల్స్ తెచ్చుకునే పద్ధతి ఐమ్యాప్ అయితే 993, పాప్ అయితే 995 నంబరు పోర్టులో, అంటే ఆ నంబరు ద్వారంలో, సర్వర్‌తో గోప్యంగా మాట్లాడుతుంది. కొన్ని యాంటీవైరస్‌లు ఆ మాటలు వినడానికి నడుమ నిలబడి, సర్వర్ సర్టిఫికెట్‌కి, అంటే దాని గుర్తింపు కార్డుకి, బదులు తమది చూపిస్తాయి. థండర్‌బర్డ్‌కి నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితా సొంతంగా ఉంటుంది. అందులో ఈ కొత్త సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ల పేరు లేకపోతే, నువ్వెవరో నాకు తెలియదు అని ఆగిపోతుంది. పాస్‌వర్డ్ తప్పేమోనని జనం పదిసార్లు కొట్టి చూస్తారు పాపం. దీనికి నేను ‘అడ్డం పడింది’ అని రాశాను. అదీ ‘పడు’ సంతానమే.

జవాబు, కరీంనగర్ సభ్యుడు:

అన్నా, ‘పట్టదు’ కూడా రాయుండ్రి. కొందరు పడ్తలేదని వస్తరు, చూస్తే పట్టక ఇబ్బంది. పీఎస్‌టీ నిండిపోయి ఉంటది.

నా జవాబు:

ఎంత మంచి మాట అందించారన్నా! అవుట్‌లుక్ 2010 నుంచి పీఎస్‌టీకి మామూలు హద్దు 50 జీబీ, బాగా పాత రకం ఫైళ్లకి 2 జీబీయే. హద్దు దగ్గరికి వచ్చినప్పుడు ఎన్ని ప్రోగ్రాములు తీసేసినా లాభం లేదు, పాత మెయిల్స్‌ని వేరే ఫైలులోకి సర్దాలి. పడకపోవడమా, పట్టకపోవడమా అని మొదటి పేజీలోనే అడిగిస్తాను.

సంఘర్షణ కొట్టేశాను. నిన్న ఆ నాలుగు పేజీలు మార్చి రాసి, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఆవిడకే మళ్లీ ఇచ్చాను. ఈసారి చదువుతూ ఎక్కడా ఆగలేదు. చివర్న మాత్రం పెన్ను తీసి ‘మినహాయించాలి’ కింద గీత గీసి, “ఇది ఎక్కడ నొక్కాలో బొమ్మ వెయ్యండి” అన్నారు. ఆ బొమ్మ వేస్తున్నాను.