‘స్పీడ్’లో బస్సు గెంతు: లైట్ సినిమాకి లాజిక్ అక్కర్లేదా?

సెకండ్‌షో: వారమంతా పనిచేసి శనివారం రాత్రి ఓ యాక్షన్ బొమ్మ పెట్టుకుంటే హాయిగా ఉండాలి. నా ఓటు ఎప్పుడూ ‘స్పీడ్’ (1994)కే. గంటకి 50 మైళ్లు దాటితే బస్సులో బాంబు సిద్ధమవుతుంది, మళ్లీ తగ్గితే పేలుతుంది. 116 నిమిషాలు. బుర్ర పక్కన పెట్టి చూసేయడమే. ఏమంటారు?

గేర్‌బాక్స్: సినిమా నాకూ ఇష్టమే, బుర్ర పక్కన పెట్టడమే ఒప్పుకోను. ఫ్రీవేలో 50 అడుగుల ఖాళీ మీంచి బస్సు దూకే సీన్ చూడండి. బస్సు వేగం గంటకి 70 మైళ్లనుకుంటే సెకనుకి 31 మీటర్లు. 15 మీటర్లు దాటడానికి సుమారు అర సెకను. ఆ అర సెకనులో ఏ వస్తువైనా 1.2 మీటర్లు కిందకి పడుతుంది. రెండు అంచులూ ఒకే ఎత్తయితే ముందు చక్రాలు అవతలి రోడ్డెక్కవు, శ్లాబు అంచుకి గుద్దుకుంటాయి. పైగా ముందు చక్రాలు గాల్లోకి వెళ్లేసరికి వెనకవి ఇంకా రోడ్డు మీదే ఉంటాయి, మూతి కిందకి వాలాలి. ఇక్కడేమో పైకి లేస్తుంది.

బాల్కనీ: ర్యాంప్ పెట్టి దూకించారు కాబట్టి లేచింది. లాస్ ఏంజెలెస్‌లో అప్పటికింకా ట్రాఫిక్‌కి తెరవని 105 ఫ్రీవే అది. రోడ్డు నిజంగా ఉంది, కంప్యూటర్‌లో చెరిపి ఖాళీ చూపించారు.

సెకండ్‌షో: అంటే నిజం బస్సే దూకింది! ఇంకేం కావాలండీ?

గేర్‌బాక్స్: కథలో ర్యాంప్ ఏది?

సెకండ్‌షో: మన హీరో తన్నితే సుమోలు గాల్లోకి లేస్తాయి, విజిల్ వేస్తాం. అప్పుడు ర్యాంప్ అడిగామా?

గేర్‌బాక్స్: అది వేరే లోకమని ఆ సినిమా మొదటి రీల్లోనే చెప్పేస్తుంది. ఇది ప్రతిదానికీ కారణం చూపించే సినిమా. స్టీరింగ్ పట్టిన ప్రయాణికురాలు ఆనీ లైసెన్సు పోయిందే స్పీడుగా నడిపినందుకు. విలన్ రహస్య కెమెరాలో బస్సు లోపల చూస్తుంటాడు, అందుకే పాత ఫుటేజీ తిప్పి తిప్పి వేసి ప్రయాణికుల్ని దింపుతారు. పోలీసు హీరో జాక్ బస్సు కింద పట్టు కోసం స్క్రూడ్రైవర్ గుచ్చితే ఇంధన ట్యాంకుకి చిల్లు పడుతుంది, అక్కణ్నించి టైమ్ కారిపోతుంటుంది. ఇంత పద్ధతిగా అల్లినవాళ్లు గెంతు దగ్గర చేతులెత్తేశారు, అదే నా బాధ.

మెట్రోపిల్లర్: బస్సయ్యాక వచ్చే రైలు ఎపిసోడ్ సాగదీత. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

సెకండ్‌షో: ప్రతి థ్రెడ్‌లో ఇదే వరస. ఎవరు ఏది ఇష్టమన్నా మీరు కాలిక్యులేటర్ పట్టుకొచ్చేస్తారు. పగలంతా ఆఫీసులో తప్పులు ఎంచించుకున్నవాడికి రాత్రి కూడా పరీక్షేనా? ఫోన్ చూసుకుంటూ చూసినా అర్థమైతేనే అది లైట్ సినిమా.

గేర్‌బాక్స్: ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. గెంతుని క్షమించేస్తానండీ, ఈ ఫోన్ మాటని మాత్రం కాదు. స్పీడోమీటర్ ముల్లు 50 వైపు జారుతుంటుంది. ఆ క్షణం తల దించితే మీకు మిగిలేది ఖాళీ రోడ్డు మీద ఒక బస్సు. తేలిగ్గా ఉందంటే చులకనగా చూడమని కాదు.

సెకండ్‌షో: చులకన చేసిందెవరు? అంత కష్టం వాళ్లు పడ్డారు కాబట్టే నేను పడక్కర్లేదంటున్నా. ముల్లు చూడకపోయినా ఇంజిన్ మోత చెబుతుంది. సౌండ్ మిక్సింగ్‌కీ, సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌కీ ఆస్కార్లు వచ్చిన సినిమా అది.

బాల్కనీ: ఆ మోత వినాలంటే టీవీలో నైట్ మోడ్ తీసేయండి. అది పెద్ద చిన్న శబ్దాలన్నిటినీ ఒకే మట్టానికి తెస్తుంది, ఇంజిన్ హెచ్చుతగ్గులు పోతాయి. సౌండ్‌బార్ లేకపోతే 5.1 (చుట్టూ ఉండే స్పీకర్ల కోసం చేసిన ఆడియో) బదులు స్టీరియో పెట్టండి, డైలాగు నలగదు. కదలికల్ని మరీ నున్నగా చూపించే మోషన్ స్మూతింగ్ కూడా ఆపాలి, లేకపోతే సీరియల్ చూస్తున్నట్టుంటుంది.

సెకండ్‌షో: నైట్ మోడ్ తీసేస్తా. ఫోన్ మాత్రం చేతిలోనే.

గేర్‌బాక్స్: ట్యాంకుకి చిల్లు పడిన దగ్గర్నుంచి విమానాశ్రయం రన్‌వే మీద బస్సు ఆఖరి పరుగుదాకా ఒక్కసారి కళ్లు తిప్పకుండా చూడండి. అప్పుడు మాట్లాడదాం.