నాన్న దగ్గర మనిషి నిలవడం లేదు, ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

చిన్నకూతురు:

నాన్నకి 79 ఏళ్ళు. ఏడు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది కానీ తను చెప్పాలనుకున్నది నోటికి రాదు. అమ్మకి 74, మోకాళ్ళ నొప్పులతో తనే గోడ పట్టుకుని నడుస్తోంది. అన్నయ్య దూరంగా ఉంటాడు, డబ్బు పంపుతాడు. ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడ ఉండేది నేను.

ఏజెన్సీ ద్వారా మొదట ఒక అబ్బాయిని పెట్టుకున్నాం. పన్నెండో రోజు పొద్దున్నే బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినాయన వయసులో పెద్దవాడు, మంచివాడు. నెలన్నర ఉన్నాడు. వెళ్తూ "మీ ఇంట్లో పని ఎక్కువమ్మా" అన్నాడు, ఇంకేం చెప్పలేదు. అడిగినంత ఇస్తామన్నా ఆగలేదు.

ఇంకో సంగతి రాయడానికి మనసొప్పడం లేదు. స్నానం చేయించబోతే నాన్న ఎడమ చేత్తో కొడుతున్నారు. ఆయన మాపైన కూడా ఎప్పుడూ చెయ్యెత్తలేదు. మొన్న ఆదివారం మనిషి లేక నేనే మంచం మీంచి లేపబోయాను. చంకల కింద చేతులు పెట్టి ఎత్తితే ఇద్దరం జారి నేల మీద కూర్చుండిపోయాం. దెబ్బలేం తగల్లేదు. నాన్న చాలాసేపు ఏడ్చారు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది తప్ప వచ్చి పట్టుకోలేదు కదా, తన మొహం చూడలేకపోయాను.

ఎక్కడైనా చేర్పించమని బంధువులు అంటున్నారు. అమ్మ ఒప్పుకోదు, నాకూ ఇష్టం లేదు. మళ్ళీ ఏజెన్సీకే వెళ్ళాలా, తెలిసినవాళ్ళ ద్వారా వెతుక్కోవాలా? వచ్చిన మనిషిని ఏం అడగాలి? నాన్న ఒప్పుకునేదెలా? ఇంట్లో ఇలాంటి పరిస్థితి చూసినవాళ్ళు చెప్పండి.

పెద్దకోడలు:

మా మావయ్యగారిని నాలుగేళ్ళు ఇంట్లోనే చూసుకున్నాం. మీ ప్రశ్న చదువుతుంటే ఆ రోజులన్నీ గుర్తొచ్చాయి.

ఏజెన్సీనా, నేరుగానా అన్నది తర్వాత చూద్దాం. మీరు ఏజెన్సీకి ఏం చెప్పారు? మేమైతే మొదటిసారి "పెద్దాయన్ని చూసుకోవాలి" అని మాత్రం చెప్పాం. మాకు తెలిసిన డాక్టరుగారు ఒక కాగితం మీద ఆరు మాటలు రాసిచ్చారు: స్నానం, బట్టలు, టాయిలెట్, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం. 1963లో కాట్జ్ అనే డాక్టరు ప్రచురించిన పద్ధతట, ఇప్పటికీ వాడుతున్నారు. ఒక్కోదానికి ఎదురుగా, మనిషి తనంతట తాను చేసుకోగలరా, ఇంకొకరి సాయం కావాలా అని రాయాలి. దాని పక్కనే రాత్రి ఎన్నిసార్లు లేస్తారో కూడా రాసి పెట్టండి. ఈ కాగితం చూపిస్తే, చేయలేని మనిషి మొదటి రోజే చెప్పేస్తాడు. పన్నెండో రోజు దాకా రాదు.

ఏజెన్సీలో ఒక సుఖం ఉంది. మనిషి రాకపోతే ఇంకొకరిని పంపే బాధ్యత వాళ్ళది. అయితే ఆ మాట ఒప్పందంలో రాయించుకోండి, ఎన్ని గంటల్లో పంపుతారో కూడా. నేరుగా పెట్టుకుంటే మనిషి మనతో ఎక్కువ కలిసిపోతాడు, కానీ అతనికి జ్వరమొస్తే మీరే సెలవు పెట్టాలి. మేం నేరుగానే పెట్టుకున్నాం, అయితే వారానికి ఒక రోజు వచ్చే రెండో మనిషిని మొదటి నుంచీ అలవాటు చేశాం.

అంతకుముందు పనిచేసిన ఇంటికి తప్పకుండా ఫోన్ చేయండి. "మంచివాడేనా" అంటే అందరూ మంచివాడే అంటారు. "మీకు అవసరమైతే మళ్ళీ ఈయన్నే పిలుస్తారా" అని అడిగి ఊరుకోండి. జవాబుకి ముందు ఎంతసేపు ఆగారో వినండి.

ఫిజియో:

పద్నాలుగేళ్ళుగా పక్షవాతం వచ్చినవాళ్ళకి ఇళ్ళకి వెళ్ళి వ్యాయామం చేయిస్తున్నాను. చంకల కింద ఎత్తారని చదివి వెంటనే రాస్తున్నాను. దయచేసి ఇంకెప్పుడూ అలా ఎత్తకండి, కుడి చెయ్యి పట్టి లాగకండి. చచ్చుబడిన వైపు భుజం కీలుని పట్టి ఉంచే కండరాలకి బలం ఉండదు, ఎముక కిందికి జారుతుంది. తర్వాత బట్టలు మార్చినా నొప్పే. స్నానంలో కొట్టడానికి ఆ నొప్పి కూడా కారణం కావచ్చు.

లేపే పద్ధతి చెప్తాను. వీల్‌చెయిర్‌ని ఆయన ఎడమవైపు, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టండి. బ్రేకులు వేసి, కాళ్ళు పెట్టుకునే పలకలు పక్కకి తీసేయండి. ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. పడుకున్న మనిషి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పాదాలు రెండూ నేలకి ఆనాలి. మీరు ఎదురుగా, ఆయన కుడి మోకాలు మడత పడకుండా మీ మోకాలు అడ్డం పెట్టి నిలబడండి. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి అది పట్టుకోండి. ఇప్పుడు ఎత్తొద్దు, ముందుకి వంగమనండి. ఆయన ముక్కు కాలి వేళ్ళని దాటి ముందుకి రాగానే నడుము దానంతటదే లేస్తుంది. ఎడమ చేత్తో ఆయన కూడా మంచాన్ని నొక్కుతారు. బరువులో సగం ఆయనే మోస్తారు, చూడండి. ముందు మీ ఊళ్ళో ఫిజియో ఎవరినైనా ఒకసారి పిలిచి, ఆయన ఎదుటే నేర్చుకుని చేయండి. కొత్త మనిషి వచ్చాక అతనికీ నేర్పించండి.

చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడి చెయ్యి, విప్పేటప్పుడు ముందు ఎడమ చెయ్యి. తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, తిన్నాక కనీసం అరగంట పడుకోకూడదు. తరచూ పొలమారుతున్నా, తిన్న తర్వాత గొంతు గురగురలాడుతున్నా మింగడం పరీక్ష చేయించాలి.

ఒకటి గమనించి చెప్పండి. కంచంలో కుడివైపున పెట్టినది వదిలేస్తున్నారా?

ఇళ్ళల్లో పనిచేసే మనిషిని:

మేడం, పదకొండేళ్ళ నుంచి నేను ఈ పనే చేస్తున్నాను. మీ ఇంటికొచ్చినాయన మాట నేను కూడా రెండు ఇళ్ళల్లో అన్నాను. పని ఎక్కువ అంటే ఎత్తడం, కడగడం కాదు. అవి మా పని, చేస్తాం. పగలు పన్నెండు గంటలు చేసి, రాత్రి పెద్దాయన పక్కనే పడుకుని నాలుగైదుసార్లు లేస్తే, పదో రోజుకి మనిషికి చేతులు వణుకుతాయి. ఆ చేతులతో పెద్దాయన్ని పట్టుకోవాలంటే నాకే భయం వేసేది. మీ ఇంట్లో రాత్రి ఎవరు లేస్తున్నారు?

ఇంకోటి, ఒక ఇంట్లో అమ్మగారు ఫ్యాన్ వెయ్యమనేవారు, కూతురు ఆపమనేవారు, ఫోన్‌లో కొడుకు ఇంకోటి చెప్పేవారు. ముగ్గురూ నన్నే అడిగేవారు. చెప్పే మనిషి ఒకరే ఉండాలి. ఒక నోట్‌బుక్ పెట్టండి. మందు ఎన్నింటికి ఇచ్చాను, ఎన్నిసార్లు యూరిన్ అయింది, వీపు మీద ఎరుపు ఉందా లేదా, అందులో రాస్తాం. ఎరుపు కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే పరవాలేదు, ఒత్తిడి తీసేస్తే తగ్గుతుంది. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ఆ వైపు పడుకోబెట్టకూడదు, డాక్టరుకి చూపించాలి. మంచంలోనే ఉండేవాళ్ళని రెండేసి గంటలకి ఒత్తిగిలేలా తిప్పుతాం, రాత్రి నిద్ర లేకపోవడానికి అదీ కారణమే.

పెద్దాయన కొడుతున్నారంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇన్నేళ్ళు ఇంటి యజమానిగా ఉన్న మనిషి, ఒక తెలియనివాడి ముందు ఒంటి మీద బట్ట లేకుండా కూర్చోవాలి. నోటితో వద్దని చెప్పలేరు. ఇక మిగిలింది ఆ చెయ్యే. నేను మొదటి వారం స్నానం చేయించను. ఒళ్ళు తుడుస్తాను, అదీ ఒళ్ళో పెద్ద తువ్వాలు కప్పి, ఏ భాగం తుడుస్తానో అంతే తీసి. ముందు పాదాలు. తడి గుడ్డ ఒకటి ఆయన మంచి చేతికే ఇస్తాను, మొహం ఆయనే తుడుచుకుంటారు. చేతిలో గుడ్డ ఉన్నప్పుడు కొట్టినవాళ్ళని నేను చూడలేదు. ఏం చేయబోతున్నానో ముందే చెప్తాను, బదులు రాకపోయినా చెప్తాను.

వచ్చినాయన పేరు మీరు రాయలేదు మేడం. ఇంట్లో పేరు పెట్టి పిలిచేవారా?

చిన్నకూతురు:

మూడు వారాలు అయింది, ముందే రాయాల్సింది, క్షమించండి.

ఫిజియోగారూ, మీ ప్రశ్న చదివిన రాత్రే కంచం చూశాను. కుడివైపు సగం అలాగే ఉంది. ఏడు నెలలుగా ఆకలి తగ్గిందనుకుంటున్నాం. కంచం తిప్పి పెట్టాను, మిగతా సగం కూడా తినేశారు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. డాక్టరు పరీక్షించి, కుడివైపు చూపు రెండు కళ్ళలోనూ పోయిందన్నారు. మా బాత్‌రూమ్‌లో స్టూల్ వేసే చోట మనిషి వచ్చేది కుడివైపు నుంచే. ఎవరో కనబడకుండా వచ్చి నెత్తిన నీళ్ళు పోస్తుంటే నాన్నేం చేస్తారు? స్టూల్ తిప్పి వేశాం. భుజం నొప్పికి, దిగులుకి మందులు రాశారు. పక్షవాతం తర్వాత డిప్రెషన్ చాలామందికి వస్తుందని, దానికి చికిత్స ఉందని అప్పుడే తెలిసింది.

పెద్దకోడలుగారూ, మీ ఆరు మాటల కాగితం పట్టుకుని ఏజెన్సీకి వెళ్ళాను. ముగ్గురిలో ఇద్దరు చదివి కుదరదన్నారు. మూడో ఆయన చదివి, "రాత్రి ఎవరు చూస్తారు" అని అడిగాడు. ఆయన్నే పెట్టుకున్నాం. పగలు ఆయన, రాత్రి వారానికి నాలుగు రోజులు ఇంకో మనిషి, మూడు రోజులు నేను. రెండో మనిషి ఖర్చు తను పెట్టుకుంటానని అన్నయ్య ఒప్పుకున్నాడు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నామో నోట్‌బుక్‌లో రాసినది ఫొటో తీసి పంపాను, అంతకుముందు ఎన్నిసార్లు చెప్పినా తనకి అర్థం కాలేదు.

ఇళ్ళల్లో పనిచేసే అన్నా, మీ చివరి ప్రశ్నకి జవాబు: లేదు. ఆ పెద్దాయన్ని నెలన్నర పాటు "ఏమండీ, ఇటు రండి" అనే పిలిచాం. ఆయన పేరు నాకు ఏజెన్సీ కాగితంలో వెతికితే దొరికింది. ఫోన్ చేసి మాట్లాడాను. నాన్న ఎలా ఉన్నారని అడిగారు.

కొత్తగా వచ్చినాయన నిన్నటి దాకా ఒళ్ళు తుడిచారు. ఈరోజు మొదటిసారి స్నానం. నేను తలుపు బయట నిలబడ్డాను. "పాదాల మీద పోస్తున్నాను సార్" అని వినిపించింది, తర్వాత నీళ్ళ చప్పుడు. ఇంకేం చప్పుడు లేదు. బయటికి వచ్చేసరికి తడి గుడ్డ ఇంకా నాన్న ఎడమ చేతిలోనే ఉంది, అడిగినా ఇవ్వలేదు.